చలిగదిలో చెమట

బట్టీ ఇల్లు,
వేసవి మొదట్లో

బుడ్డీ,

అక్క దీవెనలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. పిండి బాగా పొంగుతోంది, దానితో పోటీగా అమ్మ కోపం కూడా. ఫోను చేద్దామంటే అమ్మ దాన్ని గల్లాపెట్టె పక్కన పెట్టుకుని స్పీకరులోనే మాట్లాడుతుందని నీకు తెలుసు. ఆవిడకి సగమే వినపడుతుంది, రొట్టెలు కొనడానికి వచ్చినవాళ్ళకి మాత్రం మొత్తం వినపడుతుంది. ఇది వీధికెక్కాల్సిన సంగతి కాదు కనక కాగితం పట్టాను. అక్షరాల మీద పిండి మరకలుంటే సర్దుకుని చదువుకో.

సంగతి మా గువ్వ గురించి. చదువు అయిపోయింది కదా, ఏదో ఒక ఆఫీసులో కుర్చీ చూసుకుంటుందనుకున్నాను. అది కాస్తా రొట్టెల బట్టీ పని చేస్తానని భీష్మించుకు కూర్చుంది. మీ బావ నవ్వి ఊరుకున్నారు. ఆయనకేం, పిండి బస్తాలు దించడం, రొట్టెలు బండికెత్తడం వరకే ఆయన వంతు. నేను మాత్రం వద్దంటే వద్దన్నాను. అమ్మ రెండు పూటలు భోజనం మానేసింది.

మన ఇంటి సంగతి నీకు కొత్తగా చెప్పాలా? అమ్మమ్మకి ముప్పై ఎనిమిదో ఏట నెలసరి ఆగిపోయింది. అమ్మకి ముప్పై ఏడుకి, నువ్వు పుట్టిన రెండేళ్ళకే. నాకు పదేళ్ళ కిందట, సరిగ్గా ముప్పై ఎనిమిదికి. ముగ్గురం బట్టీ మూతి ముందు పొడుగాటి చెక్క పార పట్టుకుని నిలబడ్డవాళ్ళమే. ఆ సెగ తిన్నగా కడుపుకే తగులుతుంది. మగవాళ్ళని ఏమీ చెయ్యదు గాని ఆడదాని ఒంట్లో తడంతా పీల్చేస్తుంది. గువ్వ తర్వాత ఇంకొకరు కావాలని నేను ఎంత ఆశపడ్డానో నీకు తెలుసు.

అందుకే కదా నిన్ను పుట్టినప్పటి నుంచీ బట్టీ గది గడప తొక్కనివ్వలేదు. పందొమ్మిదో ఏడు రాగానే అమ్మ కాళ్ళరిగేలా తిరిగి ఆ మందుల గిడ్డంగిలో చలిగది ఉద్యోగం పట్టింది నీకు. నడివేసవిలో స్వెట్టరు వేసుకునే ఉద్యోగం! అప్పుడు మొహం మాడ్చుకున్నావు గాని, ఇప్పుడు చూడు, ముప్పై ఏడొచ్చినా నీకు ఏ దిగులూ లేదు.

గువ్వకి కూడా అక్కడే ఎక్కడో ఒక చోటు చూడవే. నీ కళ్ళ ముందు ఉంటుంది, ఒళ్ళూ చల్లగా ఉంటుంది.

ఇంతకీ నీ సంగతేమిటి? ఇల్లు కట్టుకోవడం అయిందిగా, మరిది బదిలీ గొడవా తీరిందిగా. మంచి కబురు ఎప్పుడు? తొందరపెట్టడం లేదులే. నీకింకా టైముంది.

నీ అక్క


మందుల గిడ్డంగి, కింది అంతస్తు,
భోజనం వేళ

అక్కా,

నీ ఉత్తరం మరకలతో సహా అందింది. మేమిద్దరం కులాసా. మీ మరిది ఎప్పటిలాగే బస్సు డిపోలో సగం గ్రీజు వదిలి మిగతా సగం ఇంటికి తెస్తున్నారు.

గువ్వకి ఇక్కడ చోటుందా అంటే ఉంది. పెట్టెలు సర్దే ఆవిడ మానేసింది. కానీ అక్కా, దానికి బట్టీ పని నిజంగా ఇష్టమా, లేక మీరు వద్దంటున్నారని పంతమా? ఇష్టమే అయితే ఉండనీ. చలిగది గురించి నువ్వు అనుకుంటున్నంత గొప్పేమీ లేదు. వేళ్ళ చివర్లు ఎప్పుడూ మొద్దుబారి ఉంటాయి. బయటి ఎండలోకి వెళ్తే తలనొప్పి. రోజంతా గోడకున్న ఉష్ణోగ్రత అంకె చూడటం, పుస్తకంలో రాయడం, తలుపు వెయ్యకుండా వెళ్ళినవాళ్ళని తిట్టడం, అంతే పని.

పోయిన వారం ఒక తమాషా జరిగింది. టీకా మందుల పెట్టెలు చూసుకుంటూ ఉంటే ఉన్నట్టుండి గది వేడెక్కినట్టనిపించింది. మెడ వెనక నుంచి మొహంలోకి సెగ కొట్టింది. స్వెట్టరు లోపల చెమట కారిపోతోంది. చలి యంత్రం పాడైపోయిందనుకుని గంట కొట్టేశాను. అంతా పరిగెత్తుకొచ్చి పెట్టెలన్నీ పక్క గదిలోకి మొయ్యడం మొదలుపెట్టారు. తీరా మెకానిక్ వచ్చి చూసి, "మేడం, గది భేషుగ్గా ఉంది. మీకే జ్వరమేమో చూసుకోండి" అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. నేనూ నవ్వేశాను. మోసిన పెట్టెలన్నీ మళ్ళీ మొయ్యాల్సి వచ్చింది పాపం వాళ్ళకి.

అన్నట్టు, మన పెద్దమ్మకి ఎన్నో ఏట ఆగిపోయిందో నీకు తెలుసా? అమ్మకి తెలిసే ఉంటుంది. ఊరికే అడుగుతున్నా.

బుడ్డి


బట్టీ ఇల్లు,
ఎండలు ముదిరాక

బుడ్డీ,

ఒక మాట అడిగితే ఇంకో మాట చెబుతున్నావు. నీళ్ళు నమలడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటే. మంచి కబురు ఉందా లేదా అంటే చలి యంత్రం కథ చెబుతావేం?

పెద్దమ్మ సంగతి అమ్మని అడిగాను. ముప్పై తొమ్మిదట. ఆవిడ పెళ్ళై వెళ్ళిపోయి జన్మంతా కుట్టుమిషను ముందే కూర్చుంది కదా అని నువ్వు అనబోతున్నావు. నాకు తెలుసు నీ లాయరు బుద్ధి. అమ్మ ఏమందంటే, చిన్నప్పుడు పెద్దమ్మ మంచం బట్టీ గది గోడకే ఆనించి ఉండేదట. పదహారేళ్ళు ఆ గోడ పక్కనే పడుకుంది. ఆ సెగ ఊరికే పోతుందా?

ఇక్కడ గువ్వ నా ప్రాణం తోడేస్తోంది. మొన్న మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తోంది, నేను బ్యాంకు పని మీద వెళ్ళాను. వచ్చేసరికి ఇది బట్టీ ముందు నిలబడి రొట్టెలు తీస్తోంది. మొహం కందిపోయింది, ముంజేతి మీద ఒక వాత, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. ఒక రొట్టె తిరగేసి అడుగున వేలితో తట్టి చూపించింది. లోపల గుల్లగా, సరిగ్గా ఎలా మోగాలో అలా మోగింది. నాకు ఆ చప్పుడు రావడానికి రెండేళ్ళు పట్టింది బుడ్డీ. దాని చేతికి అది మొదటి రోజే వచ్చేసింది.

నాకు సంతోషం వేసింది. వెంటనే భయమూ వేసింది. పార లాక్కుని దాన్ని బయటికి గెంటాను. "ఏం, నేను గాజుబొమ్మనా?" అంది. "కడుపు మాడిపోతుందే" అన్నాను. "నా కడుపు నేను చూసుకుంటా" అంది. అమ్మ లేచి వచ్చి ఏడుపు. దుకాణంలో జనం అంతా వింత చూశారు.

ఇంక నాన్చడం నా వల్ల కాదు. వచ్చే నెల దాన్ని నీ దగ్గరికి పంపిస్తున్నాను. చిన్న మంచం ఒకటి కొనిపెట్టు. మరిది ఏమీ అనుకోరుగా?

నీ అక్క


ఇంటి నుంచి,
సెలవు పెట్టిన రోజు

అక్కా,

గువ్వని పంపకు. ఎందుకో చెబుతాను, కూర్చుని చదువు. అమ్మ దగ్గర ఉంటే లోపలికి వెళ్ళి చదువు.

నాకు ఏడు నెలలుగా నెలసరి రావడం లేదు.

మొదటి నెల తప్పినప్పుడు ఏమనుకుని ఉంటానో నువ్వే ఊహించుకో. ఎవరికీ చెప్పకుండా పది రోజులు లోపలే దాచుకున్నాను. తర్వాత ఆయనకి చెప్పాను. ఆయన ఆ సాయంత్రం డిపో నుంచి వస్తూ ఒక చిన్న దుప్పటి కొనుక్కొచ్చారు. పసుపు రంగుది, మోచేతి పొడుగు కూడా లేదు. ఇప్పుడే ఎందుకండీ అని కోప్పడ్డాను. కోప్పడి దాన్ని మళ్ళీ మళ్ళీ తీసి చూసుకున్నాను. ఇంట్లో చేసుకునే పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. తొందరపడి చేశామేమో అనుకుని ఇంకో నెల ఆగాం. అప్పుడూ లేదనే వచ్చింది. చలిగదిలో చెమట పట్టిన రోజు అందరితో పాటు నవ్వానే, ఆ మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ పెద్దావిడ, మెల్లగా మాట్లాడుతుంది. "మీ అమ్మగారికి ఎన్నో ఏట ఆగింది?" అని అడిగింది. ముప్పై ఏడని చెప్పి, "కానీ ఆవిడ బట్టీ దగ్గర పనిచేసేదండీ, నేను అసలు అటు వెళ్ళనే లేదు" అన్నాను. "అక్కచెల్లెళ్ళు?" అంది. "ఒక అక్క. తనకి ముప్పై ఎనిమిదికి. తనదీ బట్టీ పనే" అన్నాను. అక్కా, నేను ఆ మాటలు ఎంత నమ్మకంగా చెప్పానో తెలుసా? పరీక్షలో నాకు వచ్చిన ప్రశ్నే పడినట్టు చెప్పాను. ఆవిడ కలం కింద పెట్టేసింది.

"బట్టీ వేడికి ఇది ఆగదమ్మా. పుట్టుకతో వస్తుంది" అంది. ఆడపిల్ల తన గుడ్లన్నీ కడుపులో పెట్టుకునే పుడుతుందట. ఆ నిల్వ ఎంత, అది ఎంత తొందరగా తరిగిపోతుంది అన్నది చాలా వరకు అమ్మానాన్నల నుంచి వచ్చిన జన్యువుల మీద ఉంటుందట. ఒక్కటి కాదు, చిన్నచిన్నవి ఎన్నో కలిసి ఆ వయసుని ముందుకో వెనక్కో జరుపుతాయి. ఒక జన్యువుకి ప్రత్యేకంగా పరీక్ష ఉంది, అదీ చేశారు, అందులో తేడా ఏమీ లేదు. రక్త పరీక్ష రెండుసార్లు చేశారు. రెండుసార్లూ అదే మాట. ఎప్పుడో ఒక నెల మళ్ళీ రావచ్చు గాని దాని మీద ఆశ పెట్టుకోవద్దంది.

చివరికి ఆవిడ అన్న మాట ఇది. "తల్లికీ అక్కకీ నలభై లోపే ఆగిందని తెలిసిన పిల్ల పాతికేళ్ళకే వచ్చి నన్ను కలవాలి. నువ్వు ఇన్నాళ్ళు ఎందుకు ఆగావమ్మా?"

ఎందుకు ఆగానో నీకు తెలుసుగా. నాకు టైముంది కనక. నన్ను బట్టీ ముట్టుకోనివ్వలేదు కనక. నాలుగేళ్ళ కిందట ఆయన పిల్లల మాట ఎత్తితే, ఇల్లు పూర్తి కానివ్వండి, మా వాళ్ళ కథ వేరు, నా కథ వేరు అన్నది నేనే. నీకు ఆగిపోయిందని తెలిసినప్పుడు నీ కోసం ఏడ్చాను గాని, నా గురించి ఒక్క క్షణం కూడా భయపడలేదు.

మీ మీద కోపంగా ఉంది అక్కా. అమ్మ మీద, నీ మీద, పోయిన అమ్మమ్మ మీద కూడా. పదేళ్ళప్పుడు ఆ గడప ఇవతల నిలబడి నువ్వు రొట్టెలు తీస్తుంటే చూస్తూ ఉండేదాన్ని. నా చేతులు ఊరుకునేవి కావు. ఉత్త గాలిలోనే పార తిప్పేదాన్ని. ఆ పని నా నుంచి లాక్కుని పద్దెనిమిదేళ్ళు నన్ను చలిలో నిలబెట్టారు. దేని కోసం?

అమ్మకి ఇప్పుడే చెప్పకు.

బుడ్డి


బట్టీ ఇల్లు,
ఆదివారం

బుడ్డీ, నా తల్లీ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు మనిషిని కాలేకపోయాను. రొట్టెలు మాడబెట్టాను. ఒళ్ళు బాగాలేదా అని మీ బావ అడిగితే అవునన్నాను. అమ్మకి చెప్పలేదు.

ఏడు నెలలు ఒక్కదానివే ఎలా మోశావే? ఆ దుప్పటి సంగతి చదివి, తొట్టిలో పిండి పులిసిపోతున్నా చూసుకోలేదు. నా మీద కోప్పడు. ఎంత కోప్పడినా పడతాను.

కానీ నాకు ఒకటి తోస్తోంది. ఆ డాక్టరు చదువుకున్నావిడే, కాదనను. అయినా పద్దెనిమిదేళ్ళు అంత చలిలో నిలబడితే ఒంట్లో రక్తం ఆడుతుందా? వేళ్ళు మొద్దుబారుతున్నాయని నువ్వే రాశావు. వేళ్ళకే అలా ఉంటే లోపలి సంగతేమిటి? వేడి ఎక్కువైనా ముప్పే, చలి ఎక్కువైనా ముప్పే. మేం ఒక వైపు పడ్డాం, నిన్ను ఇంకో వైపు తోశాం. నడిమధ్యన ఉంచాల్సింది. ఆ తప్పు మాది.

అందుకే గువ్వని నీ దగ్గరికి పంపడం మానుకున్నాను. బట్టీకీ పంపను. ఇక్కడ బడి ఆఫీసులో గుమాస్తా పని ఉందట. గదిలో గాలీ వెలుతురూ బాగా ఉన్నాయి, ఎండ తగలదు, చలీ ఉండదు. రేపే వెళ్ళి మాట్లాడతాను.

నువ్వు అధైర్యపడకు. గువ్వ నా బిడ్డే గాని నీ బిడ్డ కాదూ?

నీ అక్క


ఇంటి నుంచి,
వానలు మొదలయ్యాక

అక్కా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది. పగలబడి నవ్వాను. వంటింట్లోంచి ఆయన తొంగి చూశారు. ఆ తర్వాత ఒళ్ళు మండిపోయింది.

మొన్నటి దాకా వేడి. ఇప్పుడు చలి. రేపు గువ్వకి ఆ బడి ఆఫీసులో ఆగిపోతే ఏమంటావు, ఫ్యాను గాలి తగిలిందంటావా? ఈ కుర్చీ వద్దు ఆ కుర్చీ మేలని దాని కూతురికి చెబుతావా? అమ్మమ్మ వేడిలో, అమ్మ వేడిలో, నువ్వు వేడిలో, నేను మంచులో, పెద్దమ్మ ఏ చలీ వేడీ లేకుండా కుట్టుమిషను ముందు. అయిదుగురికీ నలభై లోపే. ఇంకెన్ని రుజువులు కావాలే నీకు? ఇది గదుల్లో లేదు అక్కా. మనలో ఉంది. మన ముక్కు మనకి వచ్చినట్టే ఇదీ వచ్చింది.

నీకెందుకు ఇది మింగుడుపడటం లేదో నాకు తెలుసు. బట్టీ అనుకుంటే దాని నుంచి పిల్లని తప్పించవచ్చు. రక్తం అంటే నువ్వు చెయ్యగలిగింది ఏమీ లేదనిపిస్తుంది. కానీ ఉంది. ఒకటి ఉంది. దానికి చెప్పు.

గువ్వకి ఇరవై రెండు. దానికి తప్పకుండా ఇలాగే అవుతుందని డాక్టరు అనలేదు. నేను గుచ్చి గుచ్చి అడిగాను. సగం వాళ్ళ నాన్న వైపు నుంచి వస్తుంది, బావ వాళ్ళ అమ్మగారి సంగతి కూడా కనుక్కోమంది. ఒక రక్త పరీక్ష ఉంది, అది ఆగే తారీఖు చెప్పదు గాని నిల్వ ఎంతుందో కొంత తెలుస్తుందట. ఏడాదికో రెండేళ్ళకో వచ్చి చూపించుకోవచ్చు. దానికి పిల్లలు కావాలో వద్దో, ఎప్పుడు కావాలో అది తేల్చుకుంటుంది. కానీ తెలిసి తేల్చుకోవాలి. నాలా కాదు.

దాన్ని నా బిడ్డ అన్నావు. ఇంకెప్పుడూ ఆ మాట అనకు. అది నీ బిడ్డ, నాకు అక్క కూతురు. ఆ వరసతోనే దాన్ని ప్రాణంగా చూసుకుంటాను. లేనిదాని చోట దాన్ని కూర్చోబెట్టలేను. ఆ బరువు దానికీ వద్దు.

నువ్వు పదిహేను రోజుల్లో చెప్పకపోతే నేనే చెబుతాను. అమ్మకి కూడా నా సంగతి చెప్పెయ్యి. ఇంక దాచే ఓపిక నాకు లేదు.

బుడ్డి


బట్టీ ఇల్లు,
ముసురు పట్టిన రోజు

బుడ్డీ,

చెప్పాను. ఇద్దరికీ ఒకేసారి.

మధ్యాహ్నం దుకాణం మూసి, అమ్మనీ గువ్వనీ లోపలి గదిలో కూర్చోబెట్టి నీ ఉత్తరాలు చదివాను. నా సొంత మాటల్లో చెబితే మళ్ళీ ఎక్కడో ఒకచోట వంకర తిప్పేస్తానని భయం వేసింది. దుప్పటి దగ్గర నేను ఆగిపోతే గువ్వ కాగితం తీసుకుని మిగతాది చదివింది. నువ్వు అమ్మ మీద కోపంగా ఉందని రాసిన మాట దగ్గర ఆగి నా వంక చూసింది. చదవమన్నాను. చదివింది.

అమ్మ, "నేను దాన్ని కాపాడాననుకున్నాను" అంది. అంతే. గోడ వైపు తిరిగి పడుకుంది. మర్నాడు గల్లాపెట్టె దగ్గరికి రాలేదు. ఆవిడ లేకుండా దుకాణం తెరవడం నాకు ఊహ తెలిశాక అదే మొదలు.

గువ్వ ముందు నా మీద విరుచుకుపడింది. "ఇన్నాళ్ళూ కడుపు మాడిపోతుందని నన్ను భయపెట్టావు గాని, అసలు సంగతి ఒక్కసారైనా డాక్టరుని అడిగావా?" అంది. లేదన్నాను. నాకు ఆగినప్పుడు కూడా నేను ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు బుడ్డీ. కారణం తెలిసిపోయిందిగా, ఇంక డాక్టరు ఎందుకనుకున్నాను. ఒక్కసారి వెళ్ళి ఉంటే అప్పటికి నీకు ఇరవై ఏడు. ఈ లెక్క నువ్వు వేసే ఉంటావు. నీ మర్యాద కొద్దీ రాయలేదు.

తర్వాత అది తిన్నగా వాళ్ళ నాయనమ్మ దగ్గరికి వెళ్ళి నలుగురిలో అడిగేసింది. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఛీ, మగపిల్లలు వింటారే" అని, ఆ చేతి చాటునే "యాభై మూడు దాకా నన్ను వదల్లేదు పాడుది" అందట. ఇన్ని రోజుల్లో మా ఇంట్లో వినపడ్డ నవ్వు అదొక్కటే.

ఇద్దరం వెళ్ళి పరీక్ష చేయించుకొచ్చాం. గుడ్ల నిల్వ దాని వయసుకి ఉండాల్సినదానికన్నా కాస్త తక్కువే ఉందన్నారు. కంగారు పడాల్సినంత కాదట, ఏమరుపాటుగా ఉండాల్సినదీ కాదట. ఏటా వచ్చి చూపించుకోమన్నారు. బయటికొచ్చాక ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. కాసేపటికి ముక్కు తుడుచుకుని, "ముప్పై దాటాక చూద్దాంలే అనుకునేదాన్ని. ఆ లెక్క మార్చుకోవాలి. నాకు కావాలో వద్దో ఇప్పటి నుంచే ఆలోచించుకుంటాను. కానీ రేపటి రొట్టెలు మాత్రం నేనే కాలుస్తా, అది నువ్వు మార్చలేవు" అంది. నేను మార్చలేదు. ఈ పది రోజుల నుంచీ బట్టీ అదే చూసుకుంటోంది. నేను పక్కన నిలబడి అందిస్తున్నాను.

నిన్న అమ్మ లేచి వచ్చి బట్టీ గదిలో బల్ల మీద కూర్చుంది. గువ్వ పని ఆపకుండానే అడిగింది. "అమ్మమ్మా, పిన్నికి ఏం కావాలో ఎప్పుడైనా అడిగావా?" సాయంత్రం అమ్మ నన్ను పిలిచి, "దానికి రాయి. నీకేం కావాలే అని అడిగానని రాయి. నేను బతికి ఉండగా అడగాలి కదా" అంది.

అందుకని అడుగుతున్నాను. ఇది అమ్మ ప్రశ్న. నీకేం కావాలి బుడ్డీ? బట్టీ కావాలంటే ఇక్కడ నీ చోటు నీకుంది. అమ్మా నేనూ ఏం చెయ్యగలిగితే అది చేస్తాం.

నీ అక్క


ఇంటి నుంచి,
బుధవారం

అక్కా,

అమ్మ ప్రశ్నకి జవాబు రాద్దామని కూర్చుని కాగితాలు చింపుతూ ఉన్నాను.

మొదట బట్టీ కావాలని రాశాను. చదువుకుంటే అబద్ధంలా అనిపించింది. అది పదేళ్ళ పిల్ల కోరిక. ఆ పిల్లకి నువ్వు ఇప్పుడు ఇవ్వలేవు. నాకు నా పని వచ్చు అక్కా, చలిగది మొత్తం నా చేతి మీదే నడుస్తుంది, నేను ఒక్క రోజు రాకపోతే ఊళ్ళో పిల్లల టీకాలకి ఆలస్యమవుతుంది. అది వదిలి రాను. గువ్వ చేతిలో పార ఉందని రాశావు. అది చదివి సంతోషం కలిగింది. నిజంగానే కలిగింది.

తర్వాత, నాకేమీ వద్దు, మీరు బాధపడకండి అని రాశాను. అది ఇంకా పెద్ద అబద్ధం.

నాకు బిడ్డ కావాలి.

ఈ మాట ఇంతవరకు నేను ఎవరితోనూ అనలేదు. ఆయనతో కూడా అనలేదు. చూద్దాం అన్నాను, తొందరేముంది అన్నాను, ఇల్లు అవ్వనీ అన్నాను. ఎప్పటికైనా ఉంటుందిలే అనుకున్నదాన్ని గట్టిగా కోరుకోవాలని కూడా తోచదు కదా. కావాలి అని నోరు తెరిచి చెప్పే లోపలే నాకు అయిపోయింది. ఇప్పుడు మాత్రం ఒళ్ళంతా అదే మాట. పెట్టెలు సర్దుతుంటే అదే, బస్సులో కూర్చుంటే అదే.

వేరే దారులున్నాయని డాక్టరు చెప్పింది. ఇంకొకరి గుడ్డుతో మోయవచ్చంది, పెంచుకోవచ్చంది. ఆయన వింటున్నారు, నేనూ వింటున్నాను. ఆ మాటలు తర్వాత మాట్లాడుకుంటాం. పోయినదాని కోసం ఇంకా ఏడవనే లేదు, అప్పుడే దాని చోటు నింపడం నా వల్ల కాదు.

నాకేం కావాలో అమ్మ అడిగింది. అది అమ్మ ఇవ్వలేదు. నువ్వూ ఇవ్వలేవు. ఎవరి తప్పూ కాదని డాక్టరు అంటుంది. నాకింకా కోపం పోలేదు. పోవాలని తొందర కూడా లేదు. కానీ ఆ కోపంతోనే అమ్మ దగ్గరికి రావాలనిపిస్తోంది. ఆవిడకీ ముప్పై ఏడుకే ఆగింది, నాకూ ముప్పై ఏడుకే. ఈ వయసులో ఇది ఎలా ఉంటుందో ఈ భూమ్మీద నాకు తెలిసినవాళ్ళలో అమ్మకే సరిగ్గా తెలుసు. నన్ను ఎత్తుకుని, ఇంక ఎవరూ రారని తెలుసుకుని, ఎవరితోనూ చెప్పుకోకుండా బట్టీ ముందు నిలబడిందిగా. నీకేం కావాలని ఆవిడని ఎవరు అడిగారు?

శనివారం మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. ఒక్కదాన్నే. నాకు ధైర్యం చెప్పొద్దు. డాక్టర్ల పేర్లు చెప్పొద్దు. అమ్మ పక్కన కాస్త చోటు చూడు, ఇద్దరం ఏడుస్తాం. ఆపకు.

బుడ్డి